లేచి తొక్కినప్పుడు సీటుతో పనేముంది?

ఈసారి వచ్చిన ఉత్తరాలు ఎక్కువగా మిట్టల చుట్టూనే తిరిగాయి. తిరుపతి నుంచి పడమరకు పోయినా, చిత్తూరు నుంచి పలమనేరు వైపు తిప్పినా ఎక్కడో ఒక చోట సైకిల్ సీటు మీంచి లేవక తప్పదు కదా. అందుకే మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి, లేచి తొక్కడం గురించి అడిగినవాటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: అన్నా, నా ఎత్తు ఐదడుగుల పదకొండు అంగుళాలు. ఆర్నెల్ల కిందట వంపు హ్యాండిల్ గేర్ల సైకిల్ కొన్నాను. షాపులో నా సైజు లేదని మీడియం ఫ్రేమ్ ఇచ్చి, సీటు బాగా పైకి లేపి, పట్టాల మీద చివరిదాకా వెనక్కి జరిపి, సరిపోయింది పో అన్నారు. కూర్చుని తొక్కితే నిజంగానే ఏ ఇబ్బందీ లేదు, శ్రీనివాసమంగాపురం దాకా హాయిగా పోతాను. రంగంపేట దాటి భాకరాపేట ఘాట్‌లో సీటు మీంచి లేచానంటే మాత్రం అన్నీ మొదలవుతాయి. మోకాలు హ్యాండిల్‌కు తగిలినంత పనవుతుంది, అరచేతులు మండుతాయి, చిటికెన వేలు తిమ్మిరెక్కుతుంది, నిమిషం కూడా కాకముందే ఆయాసం. తప్పు నాదా, సైకిల్‌దా?
— బ్యాంకు ఉద్యోగి, ఎం.ఆర్. పల్లి, తిరుపతి

జవాబు: సగం సైకిల్‌ది, సగం నీది తమ్ముడూ. ముందు సైకిల్ సంగతి చూద్దాం.

కూర్చున్నప్పుడు మన ఒళ్ళు సైకిల్‌కు మూడు చోట్ల ఆనుతుంది: సీటు, పెడళ్ళు, హ్యాండిల్. లేచామంటే అందులో సీటు లెక్కలోంచి పోతుంది. ఇక మిగిలేది పెడళ్ళు తిరిగే ఇరుసుకూ హ్యాండిల్‌కూ మధ్య ఉన్న దూరం, ఎత్తు మాత్రమే. షాపుల్లో బీబీ అంటారే, ఆ ఇరుసు. కంపెనీలు ఫ్రేమ్ కొలతల పట్టికలో రీచ్, స్టాక్ అని రెండు అంకెలు వేస్తాయి. బీబీ మధ్య నుంచి హ్యాండిల్ దూరే గొట్టం పైఅంచు దాకా అడ్డంగా ఎంతో అది రీచ్, నిలువుగా ఎంతో అది స్టాక్. సీటు ఎంత ఎక్కించినా, దించినా, జరిపినా ఈ రెండూ వెంట్రుకంత కూడా మారవు. నీకు షాపులో చేసింది ఏమిటంటే, చిన్న ఫ్రేమ్ మీద సీటును పైకీ వెనక్కీ తోసి కూర్చున్నప్పటి దూరాన్ని సరిపెట్టారు. అక్కడ నువ్వు కూర్చునే చూశావు, వాళ్ళూ కూర్చోబెట్టే చూశారు. లేచేసరికి నడుము ముందుకు వస్తుంది, ఆ సరిపెట్టిన దూరమంతా మాయమై అసలు ఫ్రేమ్ బయటపడుతుంది. పొడుగు మనిషికి హ్యాండిల్ మరీ దగ్గరగా, మరీ కిందగా ఉంటుంది. మోకాలు తగలకేం చేస్తుంది? ఇప్పుడు పెద్ద ఊళ్ళలో కెమెరాలు పెట్టి డబ్బు తీసుకుని ఫిట్టింగ్ చేస్తున్నారు కదా, అక్కడికి పోయినా సరే, లేచి తొక్కి చూపించకుండా బయటికి రావద్దని నా సలహా.

ఇంట్లోనే ఒక పరీక్ష చెయ్యి. సైకిల్‌ను గోడ పక్కన పెట్టి ఎవరినైనా ముందు చక్రం కాళ్ళ మధ్య ఇరికించి పట్టుకోమను. పెడళ్ళు రెండూ నేలకు సమాంతరంగా పెట్టి లేచి నిలబడు, చేతులు బ్రేకుల కొమ్ముల మీద వెయ్యి. మరొకరు పక్క నుంచి ఫోన్‌లో వీడియో తీయాలి. సీటు ముక్కు నీ తొడల వెనక తగిలీ తగలనట్టు ఉండాలి, మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి. ఆ తర్వాత పెడల్‌ను మెల్లగా వెనక్కి తిప్పుతూ మోకాలు అన్నిటికన్నా పైకి వచ్చినప్పుడు హ్యాండిల్‌కూ మోచేతికీ తగలకుండా పోతోందా చూడు. తగలకుండా ఉండాలంటే నువ్వు నడుము వెనక్కి లాక్కుని సీటు మీద వాలాల్సి వస్తోందా, అయితే హ్యాండిల్ దగ్గరగా ఉందని అర్థం. చేతులు చాపి కర్రల్లా బిగుసుకుంటే దూరంగా ఉందని.

నీకు మొదటిదే అవుతుంది, పందెం. అప్పుడు స్టెమ్ మార్చు. హ్యాండిల్‌ను పట్టుకుని ఉండే ఆ పొట్టి కడ్డీ మామూలుగా 80 నుంచి 120 మిల్లీమీటర్ల మధ్య దొరుకుతుంది. ఇప్పుడున్నదాని కన్నా 10, మహా అయితే 20 మిల్లీమీటర్లు పెద్దది వేయించు. పైకి వాలిన స్టెమ్ అయితే ఎత్తు కూడా కొంచెం కలిసొస్తుంది. స్టెమ్ పైన రింగులు మిగిలి ఉంటే వాటిని కిందికి మార్పించుకో, ఖర్చు లేని పని. స్టెమ్ పెంచాక కూర్చున్నప్పుడు దూరం ఎక్కువవుతుంది కాబట్టి సీటును పట్టాల మధ్యకు తీసుకురా, అప్పుడు రెండూ కలుస్తాయి. సీటు ఎత్తుకు మోటు లెక్క ఒకటి ఉంది. గోడకు ఆనుకుని చెప్పుల్లేకుండా నిలబడి కాళ్ళ సందు నుంచి నేల దాకా కొలిచి 0.883తో గుణిస్తే బీబీ మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఎంత ఉండాలో వస్తుంది. 86 సెంటీమీటర్లు ఉంటే సుమారు 76 అన్నమాట. ఇదంతా చేసినా మోకాలు తగులుతూనే ఉంటే ఇక స్టెముల మీద డబ్బు తగలెయ్యకుండా ఆ ఫ్రేమ్‌ను నీకన్నా పొట్టివాడికి అమ్మేసెయ్.

ఇప్పుడు నీ వంతు. ఆయాసం మాట విన్నప్పుడే అర్థమైంది, నువ్వు అన్నిటికన్నా తేలిక గేర్‌లోనే ఉండి లేస్తున్నావు. కూర్చుని నిమిషానికి 80, 90 సార్లు తిప్పే కాళ్ళు లేచాక 60, 70కి దిగుతాయి, అది మామూలే. గేర్ అలాగే ఉంటే పెడల్ కింద బలం తగలక కాలు దబుక్కున కిందికి జారిపోతుంది, ఒళ్ళు గెంతుతుంది, ఆ గెంతును ఆపే భారం చేతుల మీద పడుతుంది. లేచే ముందే ఒకటో రెండో గేర్లు బరువుకు మార్చు. లేచాక మారిస్తే చైను మీద ఒళ్ళంతా ఉన్నప్పుడు మార్చినట్టు, టకామని శబ్దం వస్తుంది, ఒక్కోసారి ఊడుతుంది కూడా.

ఒళ్ళు ఊపడం కాదు, సైకిల్ ఊగాలి. కుడి పెడల్ నొక్కేటప్పుడు కుడి చేత్తో హ్యాండిల్‌ను లాగితే సైకిల్ ఎడమకు వాలుతుంది, ఎడమ పెడల్‌కు ఎడమ చెయ్యి, అప్పుడు కుడికి. నీ తల, నడుము మాత్రం రోడ్డు మీద ఒకే గీతలో పోతూ ఉండాలి. చాలామంది సైకిల్‌ను శిలలా బిగించి పట్టుకుని తాము అటూ ఇటూ ఊగుతారు, దాంతో భుజాలు, అరచేతులు పోతాయి. చేతుల మీద వాలడం ఉండకూడదు, బరువు పాదాల మీదే ఉండాలి. పరీక్ష తేలిక: లేచి తొక్కుతూ వేళ్ళు పియానో వాయించినట్టు ఆడించగలుగుతున్నావా? ఆడించలేకపోతే చేతుల మీద వాలుతున్నావు. మరీ ముందుకు పోయి హ్యాండిల్ మీద పడితే ఇంకో ముప్పు, వెనక చక్రం మీద బరువు తగ్గి జారుతుంది. వాన పడ్డాక మలుపుల్లో ఇసుక కొట్టుకొచ్చి ఉంటుంది కదా, అక్కడైతే లేవకుండా కూర్చునే ఎక్కు.

ఇంకోటి, గుంపుగా పోయేటప్పుడు నువ్వు ఉన్నట్టుండి లేస్తే నీ సైకిల్ ఒక్క క్షణం వెనక్కి తన్నినట్టవుతుంది, వెనకాల ఆనుకుని వచ్చేవాడి ముందు చక్రం నీ చక్రానికి తగులుతుంది. పెడల్ పైనుంచి కిందికి దిగడం మొదలుపెట్టినప్పుడే, దాన్ని నొక్కుతూ లేస్తే వేగం తగ్గదు. లేవబోతున్నానని ఒక మాట అరిస్తే ఇంకా మంచిది.

చిటికెన వేలి తిమ్మిరికి కారణం అరచేతి అంచున, మణికట్టు దగ్గర పోయే నరం నలగడం. హ్యాండిల్ సరిచేసి, వాలడం మానేస్తే చాలావరకు పోతుంది. సైకిల్ దిగిన మర్నాటికి కూడా తిమ్మిరి ఉంటే మాత్రం నన్ను అడగొద్దు, డాక్టరు దగ్గరికి పో.

ప్రశ్న: నమస్కారం. నాకు 52 ఏళ్ళు, బరువు 70 కిలోలు, 12 కిలోల సైకిల్. ఆదివారాల్లో బంగారుపాళెం నుంచి మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు దాకా వెళ్తుంటాను. లేచి తొక్కితేనే కొండ తొందరగా ఎక్కుతామని మా స్కూలు కుర్రాళ్ళు అంటారు. నేను లేచానంటే చేతి వాచీలో గుండె వేగం పది దాకా పెరుగుతోంది, కానీ వేగం పెద్దగా పెరగడం లేదు. నా గుండెలో లోపమా అని టెన్షన్‌గా ఉంది.
— ఉపాధ్యాయుడు, చిత్తూరు

జవాబు: మాస్టారూ, అది లోపం కాదు, లేచినందుకు కట్టే పన్ను. 8 శాతం వాలు ఉన్న రోడ్డు మీద గంటకు 10 కిలోమీటర్ల వేగంతో మీరూ మీ సైకిలూ కలిపి 82 కిలోలు పైకి పోవాలంటే ఒక్క కొండకే దాదాపు 180 వాట్లు ఇవ్వాలి. కూర్చుని ఇచ్చినా నిలబడి ఇచ్చినా కొండకు ఒకటే లెక్క. నిలబడ్డప్పుడు మాత్రం అప్పటిదాకా సీటు మోసిన ఒంటిని కాళ్ళు, నడుము, చేతులే మోయాలి కాబట్టి ఆక్సిజన్ ఎక్కువ ఖర్చు, గుండె ఎక్కువ కొట్టుకోవడం. వాలు తక్కువగా ఉన్నచోట ఈ తేడా బాగా కనిపిస్తుంది. రోడ్డు నిటారుగా లేచేకొద్దీ తేడా తగ్గుతుంది. వాలు తక్కువై వేగం 25 దాకా ఉంటే లేచిన ఒంటికి గాలి కూడా అడ్డం, 10లో పోయేటప్పుడు దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

మరి లేవడం ఎందుకంటే, కొద్దిసేపు ఎక్కువ బలం కావాల్సినప్పుడు ఒంటి బరువు మొత్తం పెడల్ మీద వెయ్యొచ్చు. పైగా గంటసేపు ఒకే తీరున వంగిన నడుముకూ, సీటు నొక్కిన చోటుకూ ఊరట. 1998లో ఇటలీ సైకిల్ పందెం గిరో, ఫ్రాన్స్ పందెం టూర్ రెండూ గెలిచిన ఇటలీవాడు మార్కో పంటానీ హ్యాండిల్ కింది వంపు పట్టుకుని లేచి కొండలెక్కేవాడు. టూర్ నాలుగుసార్లు గెలిచిన క్రిస్ ఫ్రూమ్ ఎక్కువగా కూర్చునే, కాళ్ళు గబగబా తిప్పుతూ ఎక్కేవాడు. ఇద్దరూ కొండలకు మొనగాళ్ళే. మీ కుర్రాళ్ళకు ఈ మాట చెప్పండి.

మీరు చెయ్యాల్సింది, ఎక్కువసేపు కూర్చునే ఎక్కడం, మలుపులో లోపలి అంచున రోడ్డు ఒక్కసారిగా లేచే చోట పది పదిహేను తొక్కుళ్ళు లేవడం, మళ్ళీ కూర్చోవడం. గేర్ చాలక లేవాల్సి వస్తుంటే అది వేరే సంగతి. వెనక ఉన్న పెద్ద పళ్ళ చక్రం 28 పళ్ళదైతే 32దో 34దో వేయించుకోండి, ముందు మీ గేరు మార్చే డీరైలర్ అంత పెద్దదాన్ని తీసుకుంటుందా అని మెకానిక్‌ను అడగండి. ఛాతీలో నొప్పి, పట్టేసినట్టు ఉండడం, కళ్ళు తిరగడం, ఇవి ఉంటే మాత్రం వాచీ చూస్తూ కూర్చోకుండా వెంటనే డాక్టరుకు చూపించుకోండి. ఏమీ లేకపోయినా 52 ఏళ్ళకు ఒకసారి పరీక్ష చేయించుకుని ఘాట్ ఎక్కడంలో తప్పు లేదు.

ప్రశ్న: సార్, నేను పాత మోడల్ పెద్ద సైకిల్ మీద రెండు పక్కలా పాల క్యాన్లు కట్టి డెయిరీకి పోస్తాను. ఊరి బయట మిట్ట దగ్గర లేచి తొక్కితే సైకిల్ అటూ ఇటూ లాగేస్తుంది, చైను టక్కున జారుతుంది. ఒకసారి ఛాతీ హ్యాండిల్‌కు కొట్టుకుంది. ఏం చెయ్యాలి?
— పాల వ్యాపారి, పూతలపట్టు

జవాబు: పైన బ్యాంకు తమ్ముడికి చెప్పిన ఊపుడు మీకు పనికిరాదు. 20 లీటర్ల క్యాన్లు రెండంటే పాలే 41 కిలోలు, క్యాన్ల బరువు అదనం. ఆ బరువు వెనక వేలాడుతుంటే సైకిల్‌ను వాల్చినప్పుడల్లా అది తిరిగి మిమ్మల్ని వాల్చేస్తుంది. సగం నిండిన క్యాన్ ఇంకా అన్యాయం, లోపల పాలు ఊగి సైకిల్ ఒక పక్కకు వచ్చాక ఆలస్యంగా తన్నుతుంది. నింపితే పూర్తిగా నింపండి, లేదంటే ఒక్కో పక్కకు సమానంగా వేయండి, క్యాన్లు ఎంత కిందికి కడితే అంత మంచిది. ఆ సైకిల్ హ్యాండిల్ వెనక్కి వంగి ఉంటుంది కదా, లేస్తే చేతులు తొడల పక్కకు వచ్చేస్తాయి, లాగడానికి పట్టు దొరకదు. అది కూర్చుని తొక్కడానికి చేసిన బండి. మిట్ట మొదట్లో నాలుగు తొక్కుళ్ళు లేవండి, అక్కడికి మించితే దిగి నెట్టండి. దాంట్లో నామోషీ ఏమీ లేదు, పాలు ఒలకకుండా పోవడమే ముఖ్యం.

చైను మాటే నాకు భయం. 70 కిలోల మనిషి అడ్డంగా ఉన్న పెడల్ మీద నిలబడితే, పెడల్‌ను ఇరుసుకు కలిపే కడ్డీ, అంటే క్రాంకు, 17 సెంటీమీటర్లు అనుకుంటే, ఇరుసు మీద దాదాపు 117 న్యూటన్ మీటర్ల మెలిక పడుతుంది, చేత్తో హ్యాండిల్ లాగితే ఇంకా ఎక్కువ. అరిగిన చైను కూర్చున్నప్పుడు సర్దుకుపోతుంది, ఇక్కడ మాత్రం పళ్ళ మీంచి గెంతుతుంది. ఇనుప స్కేలు పెట్టి ఒక పిన్ను మధ్య నుంచి కొలవండి. కొత్త చైనుకు సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఒక పిన్ను మధ్య వస్తుంది. ఆ పిన్ను 12 దాటి అంగుళంలో ఎనిమిదో వంతు పోయి ఉంటే చైనూ, వెనక చక్రానికి ఉండే పళ్ళ ఫ్రీవీలూ రెండూ మార్చాల్సిందే, ఒక్క చైను మారిస్తే కొత్తది పాత పళ్ళ మీద మళ్ళీ జారుతుంది. మార్చేటప్పుడు 18 పళ్ళ ఫ్రీవీల్ ఉంటే 20దో 22దో అడగండి. 20కి పదో వంతు, 22కి దాదాపు ఐదో వంతు తేలికవుతుంది, చదునులో వేగం అంతే తగ్గుతుంది. చైనుకు లింకులు కలపాల్సి రావచ్చు.

వెనక చక్రం నట్లు కూడా చూడండి. లేచి తొక్కినప్పుడు చైను ఉన్న పక్క ఇరుసును ముందుకు లాగేస్తుంది, టైరు ఎడమ పక్క ఫ్రేమ్‌కు రాసుకుంటుంది. క్రాంకు ప్రతి చుట్టుకూ ఒకే చోట టక్ అంటుంటే క్రాంకును ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను అరిగింది, బిగించి సరిపెట్టకుండా కొత్తది కొట్టించండి.

ప్రశ్న: మా అబ్బాయికి పదకొండేళ్ళు. ఎలాగూ పెరుగుతాడు కదా అని 26 అంగుళాల సైకిల్ కొనిచ్చాము. సీటు పూర్తిగా దించినా వాడు సీటు మీద కూర్చోడు, ఎప్పుడూ లేచే తొక్కుతాడు. అవిలాల నుంచి స్కూలుకు పోయి వచ్చేసరికి నడుము నొప్పి అంటాడు. అలవాటు మాన్పించడం ఎలా?
— ఒక తల్లి, తిరుపతి

జవాబు: అమ్మా, అది అలవాటు కాదు, పెడల్ కింది దాకా కాలు అందడం లేదు. కూర్చుంటే అందదు కాబట్టి వాడు లేచాడు, పిల్లలకు అంతకు మించి దారి లేదు. మన చిన్నప్పుడు నాన్న సైకిల్ బార్ కింద నుంచి కాలు దూర్చి తొక్కలేదా, అదే కథ. లేచి తొక్కుతూ తొక్కుతూ వాడి నడుము రెండు పక్కలకూ జారుతుంది, అక్కడే నొప్పి. దానికన్నా నాకు భయం ఏమిటంటే, ఎయిర్ బైపాస్ లాంటి రద్దీ రోడ్డు మీద బ్రేకు వేసి ఆగినప్పుడు రెండు కాళ్ళూ నేలకు ఆనకపోతే బార్ మీద పడతాడు.

చెప్పులతో కాకుండా స్కూలు బూట్లతో సైకిల్‌కు అటూ ఇటూ కాళ్ళు వేసి, సీటు ముందు నిలబడమనండి. రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆని, బార్‌కూ కాళ్ళ సందుకూ మధ్య రెండు మూడు వేళ్ళ సందు ఉండాలి. లేకపోతే ఆ సైకిల్ ఇంకో రెండేళ్ళు ఆగి వాడికి ఇవ్వండి, ఇప్పటికి 24 అంగుళాలది చూడండి, పాతదైనా సరే. చుట్టాల్లో ఎవరింట్లోనో పిల్లలు పెరిగిపోయి మూలన పడి ఉంటుంది. పోనీ బార్ దగ్గర సందు ఉండి సీటు ఒక్కటే ఎత్తుగా ఉంటే సీటు రాడ్డు పొట్టిది వేయించవచ్చు, లేదా రాడ్డు గొట్టం లోపల కింద తగిలి ఇంకా దిగకపోతే దాన్ని కోయించవచ్చు. కూర్చుని మడమతో పెడల్ కింది దాకా నొక్కితే కాలు నిటారుగా రావాలి, అదే ఎత్తు. బ్రేకు లివర్ చిన్న వేళ్ళకు అందుతోందా అని కూడా చూడండి, చాలావాటికి దగ్గరకు తెచ్చే చిన్న స్క్రూ ఉంటుంది. ఆ తర్వాత కూడా వాడు మిట్ట కనిపిస్తే లేస్తాడు. లేవనివ్వండి.

ప్రశ్న: ముందూ వెనకా షాకబ్జర్లు ఉన్న సైకిల్ నాది. లేచి తొక్కితే పైకీ కిందికీ ఊగుతుంది తప్ప ముందుకు పోదు.
— ఇంటర్ విద్యార్థి, చంద్రగిరి

జవాబు: నువ్వు నొక్కిన బలంలో కొంత స్ప్రింగు తింటోంది. ఫోర్కు పైన లాక్ మీట ఉంటే మిట్ట మొదట్లోనే వేసెయ్, దిగేటప్పుడు తియ్యడం మర్చిపోవద్దు. వెనక దానికి లాక్ లేకపోతే కూర్చుని తేలిక గేర్‌లో ఎక్కు, వేరే మందు లేదు. ఈసారి కొనేటప్పుడు వెనక షాకబ్జర్ లేనిది కొను, రోడ్డు మీద తిరగడానికి అది దండగ బరువు.

ప్రశ్న: కూర్చుని తొక్కితే నిశ్శబ్దం, లేస్తే కిర్రుకిర్రు. ఎక్కడి నుంచి?
— ఒక పాఠకుడు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: లేచినప్పుడే వస్తోందంటే సీటు, సీటు రాడ్డు నిర్దోషులు. పెడళ్ళు, క్రాంకు, బీబీ, స్టెమ్, హ్యాండిల్ వీటిలోనే దొంగ ఉన్నాడు. బండి ఆపి ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్‌ను ముందుకూ వెనక్కీ ఆడించండి, గొట్టం దగ్గర టకటక అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు, అంటే హెడ్‌సెట్, వదులు, దాన్ని సరిచేసేదాకా లేచి తొక్కొద్దు. అక్కడ ఏమీ లేకపోతే బండి పక్కన నిలబడి పెడల్ మీద ఒక కాలు పెట్టి నొక్కండి, శబ్దం వస్తే పెడల్ విప్పి మరలకు గ్రీజు రాసి బిగించండి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుందని గుర్తుంచుకోండి, మామూలు వైపు బలంగా తిప్పితే విప్పబోయి బిగిస్తారు. అక్కడా కాకపోతే బీబీ, దాన్ని ఇంట్లో కెలక్కుండా మెకానిక్‌కు ఇవ్వండి.